గోళ్ళరంగు బండి

నా ఎరువుల అంగడిలో ఉన్న తక్కెడ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇక్కడ రాసినదంతా అక్షరాలా నిజం. ఆ తక్కెడ సంగతి తెలిసిన రైతులు ఈ మాట చదివి నవ్వుతారని నాకు తెలుసు. సరే, తక్కెడ వద్దు. గుత్తి కొండ మీద ఒట్టు. అంగడి ముందు కుర్చీ వేసుకుంటే కొండ, దాని మీద కోట ఎదురుగా కనిపిస్తాయి. నేను అబద్ధమాడితే ఆ కొండ రోజంతా నన్నే చూస్తూ ఉంటుంది, అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

వానలు రాని ఏడాది మా దగ్గర ఎరువులు కొనేవాళ్ళుండరు. కొననివాళ్ళు ఊరికే ఇంటికి పోరు. బెంచీ మీద కూర్చుని ఏదైనా చెప్పమంటారు. అట్లా, వానలు తప్పినకొద్దీ నాకు కథలు చెప్పడం అలవాటైంది. ఈ జిల్లాలో ఎన్ని కథలు చెప్పి ఉంటానో మీరే ఊహించుకోండి. కానీ ఇది కథ కాదు. ముందే ఒట్టు పెట్టుకున్నాను కదా.

పోయిన వారం చిన్నశెట్టి నా అంగడికి వచ్చాడు. స్టేషను రోడ్డులో ఉన్న శెనక్కాయల మిల్లు ఆయనదే. నలభై దాటి చాలా కాలమైంది, జుట్టు సగం నెరిసింది, అయినా ఊరికి చిన్నశెట్టే. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు తన రిమోటు కారును రెండు చేతులా ఎత్తుకొచ్చి, నా కౌంటరు మీద బోర్లా పడుకోబెట్టాడు. మామూలు బండి కాదది. దాని ధర విన్నరోజు మా ఊళ్ళో ఒక పాత మోటారుసైకిలు సిగ్గుతో స్టార్టు కాలేదని చెప్పుకున్నారు. లోపల పళ్ళచక్రాలన్నీ ఇనుపవి, నీళ్ళలో పడినా ఆగదు, మీట నొక్కితే కంటికి కనబడదు.

నేను చూసింది అవేవీ కాదు. బండి అడుగున ప్రతి స్క్రూ తల మీదా ఒక ఎర్రటి చుక్క ఉంది. అక్కడక్కడా పెచ్చు లేచింది.

"అన్నా, గోళ్ళరంగు ఏమన్నా ఉంటాదా నీ దగ్గర?" అన్నాడు.

ఎరువుల అంగట్లో గోళ్ళరంగు అడిగిన మొదటి మనిషి ఆయనే. అడిగాక గానీ తనేం అడిగాడో ఆయనకు తెలిసినట్టు లేదు. ఇద్దరం ఒకేసారి పక్క అంగడి వైపు చూశాం. ఉగాదికి ముందు దించిన షట్టరు అది. ఇంకా లేవలేదు.

ఆ షట్టరు వెనక ఫ్యాన్సీ అంగడి నడిపిన మనిషిని ఊరంతా రిమోటక్క అనేది. అసలు పేరు రాయను. రాయాలన్నా, కర్మల కార్డులో చదివితే గానీ నాకే గుర్తు రాలేదు. చిన్నశెట్టికి సొంత మేనత్త. ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పెళ్ళయింది, ఆ వివరాలన్నీ వాళ్ళింట్లో అడగండి. నాకు తెలిసింది ఆమె కొంగు.

ఆ కొంగు ఎప్పుడూ ఎండిన ఎర్రమన్ను రంగులోనే ఉండేది. చీర ఏ రంగుదైనా సరే, కొంగు మాత్రం ఆ రంగే. రిమోటును ఆమె కొంగు కింద దాచి పట్టుకునేది. దుమ్ము పడకుండా అని ఆమె అనేది. ఏ మీట ఎంత నొక్కుతుందో ఎవరికీ కనబడకుండా అని నేను అనేవాణ్ణి. కొంగు కింద రెండు చేతులు కదులుతుంటే, చూసే కొత్తవాళ్ళకు ఆమె లోపల ఏదో పిల్లిపిల్లను నిమురుతోందేమో అనిపించేది.

ఇక వంగడం. బండి ఎడమకు తిరిగితే ఆమె ఎడమకు వంగేది, కుడికి తిరిగితే కుడికి. తల, భుజాలు, నడుము, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, అన్నీ కలిసి వంగేవి. ఒకసారి మలుపు మరీ బిర్రుగా ఉండి స్టూలు మీంచి కిందపడింది. మేము పరిగెత్తి లేపబోతే, "నన్ను ఇడిసిపెట్టండప్పా, బండి పడిందా చూడండి" అన్నది. బండి పడలేదు. దానితో ఆమె నడుము నొప్పి కూడా అక్కడికక్కడే తగ్గిపోయింది.

ఆమె అంగడి లోపలికి వెళ్తే రెండు అంగళ్ళు కనిపించేవి. ఆడవాళ్ళకు ఒకటి, బండ్లవాళ్ళకు ఒకటి. సరుకు మాత్రం ఒక్కటే. రిమోటు బండి పైడొప్పను పట్టి ఉంచే చిన్న తీగ పిన్ను పోయిందా, హెయిర్‌పిన్ను తీసిచ్చేది. అచ్చంగా అదే, తేడా లేదు. అదురుకు స్క్రూలు వదులవుతున్నాయా, బిగించి తల మీద గోళ్ళరంగు ఒక చుక్క పెట్టేది. ఆరిందంటే ఇక ఊడదు, కావాలంటే స్క్రూడ్రైవరుతో విప్పుకోవచ్చు. మోటారులోకి దుమ్ము పోతోందా, పలచని నైలాను సాక్సు కత్తిరించి తొడిగేది. జడకు కట్టే రబ్బరు బ్యాండ్లు ఏ మూలకు పెట్టేదో ఆమెకే తెలుసు. బెంగళూరు నుంచి విడిభాగం రావడానికి వారం పడుతుంది, జడ కోసం తెచ్చిన సరుకు చేతి కిందే ఉంటుంది, అంతే ఆమె లెక్క.

కొత్తగా నేర్చుకుంటామని వచ్చేవాళ్ళకు బండి అమ్మడంలో ఆమె పద్ధతి చూడాలి. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆదివారం ఉదయం చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా వచ్చి, ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిది ఇమ్మన్నాడు.

"ఇంతకు ముందు ఎప్పుడన్నా తోలినావా సారూ?" అని అడిగింది.

"యాడ తోల్తానమ్మా. బతుకంతా రైలు ఎనక నిలబడి జెండా ఊపినోణ్ణి."

"అట్లయితే మంచిది ఇయ్యను."

పెద్దాయన నా వైపు చూశాడు. అమ్మేవాళ్ళు వద్దనడం ఆయన ఎక్కడా విని ఉండడు. అక్క మూడు బండ్లు తీసి వరసగా పెట్టింది. మొదటిది తిరునాళ్ళలో దొరికే బొమ్మ. చక్రం తిప్పితే మొత్తం తిరుగుతుంది, లేకపోతే అసలే తిరగదు, మధ్యలో ఏమీ లేదు. పగిలితే విప్పడానికి లోపల ఏమీ ఉండదు, పారేయాల్సిందే. మూడోది ఖరీదైనది. నేర్చుకోకముందే గోడకు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ గుండె జల్లుమంటుంది, ఆ భయంతో మనిషి బండిని అల్మారాలో పెట్టి చూసుకుంటాడు. మధ్యది చవకదే, కానీ ప్రతి ముక్కా విప్పొచ్చు, ప్రతి ముక్కా దొరుకుతుంది. చేతి వేలు ఎంత కదిలితే చక్రం అంతే తిరుగుతుంది.

చివరికి ఆమె అన్న మాట ఒకటే నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను: "మొదటి బండి నీ చేతిలోనే చెడిపోవల్ల సారూ, నీ చేతితోనే బాగుపడల్ల. అంతవరకు అది నీ బండి కాదు, అంగడిదే."

గార్డు సారు మధ్యది కొన్నాడు. ఆ నెలంతా దాన్ని చెడగొట్టాడు. ఆ నెలంతా ఆమె అంగడి మెట్ల మీద కూర్చుని బాగుచేసుకున్నాడు. తర్వాత ఒక బేల్దారి మేస్త్రీ చేరాడు. ఆయన సిమెంటు చేతులతో రిమోటు పట్టుకుంటే రిమోటు కనిపించేది కాదు. ఆపైన ఇంకా కొందరు.

గద్ద సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మేస్త్రీ బండి మీద ఆమె కుందేలు రంగు సాక్సు తొడిగింది. మిల్లు కళ్ళంలో అది పరిగెడుతుంటే కోట మీంచి ఒక గద్ద దిగి, దాన్ని కాళ్ళతో పట్టుకుని లేచిపోయింది. మేస్త్రీ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అక్క అతని చేతిలోంచి రిమోటు లాక్కుని కొంగు కిందికి తీసుకుని వెనకమీట నొక్కింది. గద్ద వెనక్కి ఎగిరిందని నేను చెప్పను, అట్లాంటి అబద్ధాలు నాకు చేతకావు. కాళ్ళ మధ్య చక్రాలు గిర్రున తిరిగేసరికి గద్దకు కడుపులో గిలిగింతలు పుట్టి, కోట వైపు పోయేది మా వైపు తిరిగింది, శెనక్కాయ పొట్టు కుప్ప మీద బండిని వదిలి పోయింది. ఆమె వెంటనే బండిని విప్పి చూసి, గద్ద కంటే మేస్త్రీయే దాన్ని ఎక్కువ పాడు చేశాడని తేల్చింది.

ఆ మిల్లు కళ్ళం లేకపోతే ఈ మనుషులెవరూ లేరు. కాయలు ఆరబోసుకోవడానికి వేసిన పెద్ద సిమెంటు నేల అది. కాయలు పండడం తగ్గాక ఏడాదిలో ఎక్కువ భాగం ఊరికే పడి ఉండేది. గుత్తిలో ఇంకెక్కడ తోలుతారు? చెరువులో నీళ్ళు లేవు గానీ నిండా కంపచెట్లే, ప్రతి చక్రానికీ ముళ్ళే. రోడ్డు మీద ఆటోలు, సందుల్లో కుక్కలు. చిన్నశెట్టి తండ్రి బతికున్నప్పటి నుంచి ఆదివారం సాయంత్రం గేటు తెరిచి ఉండేది. రిమోటక్కకు సొంత అన్న ఆయన, ఆడబిడ్డ అడిగితే కాదనలేదు.

అన్న పోయాక మిల్లు చిన్నశెట్టి చేతికి వచ్చింది. ఆ తర్వాతి ఏడాది ఆయన బెంగళూరులో స్నేహితుల దగ్గర చూసి, ఈ ఖరీదైన బండి తెచ్చుకున్నాడు. మొదటి బండే అది. మేనత్తను ఒక్కమాట అడగలేదు. అడిగితే ఆమె వద్దంటుందని తెలుసు. మొదటి ఆదివారమే మీట చివరిదాకా నొక్కాడు. బండి తుపాకిగుండులా పోయి గార్డు సారు బండిని కొట్టింది. గార్డు సారు బండి రెండు ముక్కలైంది. చిన్నశెట్టి పరిగెత్తుకుని వచ్చి చూసుకున్నది మాత్రం తన బండి మీద పడిన గీతను.

మరుసటి ఆదివారం గేటుకు బోర్డు వేలాడింది. మంచి బండ్లకు మాత్రమే ప్రవేశం అని. పెయింటరుతో రాయించాడు, చుట్టూ నీలం అంచు కూడా పెట్టించాడు.

గార్డు సారు, మేస్త్రీ, మిగిలినవాళ్ళు గేటు బయట బండ్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. ఎవరూ తగువాడలేదు. మిల్లు ఆయనది, కళ్ళం ఆయనది. గార్డు సారైతే బోర్డు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆ పెద్దాయన ముఖం నేను ఇప్పటికీ వర్ణించలేను, నాకు వచ్చిన కథలన్నీ కలిపినా. రిమోటక్క గేటు తోసుకుని లోపలికి పోయింది. ఆమె వెనకే నేను కూడా పోయాను. ఇట్లాంటివి చూడకపోతే రాత్రి నాకు నిద్ర పట్టదు.

"ఏం అల్లుడా, ఈ బోర్డు ఎవరికి?"

"నీకు కాదులే అత్తా. నువ్వు ఎప్పుడన్నా రా. ఆ బొమ్మబండ్లు మాత్రం వద్దు. నాకు అడ్డమొస్తాండాయి."

"అడ్డమొచ్చింది వాళ్ళు కాదురా, నువ్వు. నీకు తోలేది రాదు."

"అంత బండి పెట్టుకోని నాకు తోలేది రాదంటావా?" అని చిన్నశెట్టి నవ్వాడు. ఆయన పక్కనున్న బెంగళూరు స్నేహితులూ నవ్వారు.

అక్క నవ్వలేదు. కొంగు నడుముకు దోపుకుంది. ఆ కొంగు నడుము దగ్గరికి పోయిందంటే మా వీధిలో అంగళ్ళవాళ్ళు బేరాలు ఆపి చూసేవాళ్ళు.

"వచ్చే ఆదివారం నీ బండి, నా బండి. ఈ కళ్ళంలోనే మూడు చుట్లు. నువ్వు ఓడితే ఆ బోర్డు తిప్పి రాయల్ల. నేను ఓడితే నా అంగట్లో ఇంగ రిమోటు బండి కనపడదు. వాళ్ళందర్నీ నేనే ఇండ్లకు పంపించేస్తా. గాజులమ్ముకోని బతుకుతా."

చిన్నశెట్టి సరే అన్నాడు. గేటు బయట ఉన్నవాళ్ళు అక్కను బతిమాలారు. మేస్త్రీ అయితే, మేము ఎక్కడో ఒకచోట చూసుకుంటాం, నువ్వు బండ్లు వదులుకోవద్దు అన్నాడు. ఆమె అతని మాట విననట్టే చేసింది. కానీ ఆ సాయంత్రం అంగడి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆమె చేతులు కొంగు కింద ఊరికే కదులుతున్నాయి. రిమోటు లోపల కౌంటరు మీద ఉంది. ఆమె అట్లా భయపడడం నేను చూసింది అదొక్కసారే.

ఆ వారం ఆమె ఎవరికీ గాజులు తొడగలేదు. తన చవక బండిని ముక్కలు ముక్కలుగా విప్పి, ప్రతి ముక్కా తుడిచి, మళ్ళీ కట్టింది. ప్రతి స్క్రూ మీదా గోళ్ళరంగు చుక్క పెట్టింది. ఎరుపు అయిపోతే గులాబీరంగు పెట్టింది. చివరికి బండిని తిరగేస్తే పెళ్ళికూతురి చెయ్యిలాగా ఉంది. మోటారుకు కొత్త సాక్సు తొడిగింది, పైడొప్పకు నాలుగు హెయిర్‌పిన్నులు పెట్టింది. అందరూ శెనక్కాయల నూనె పోస్తే పళ్ళచక్రాలు నున్నగా తిరుగుతాయంటే ఒక్క చుక్క కూడా పడనివ్వలేదు. మన మన్నుకు నూనె తగిలితే బురదవుతుంది, అది చక్రాలను తినేస్తుంది అన్నది.

ఆదివారం సాయంత్రానికి సగం గుత్తి మిల్లులోకి వచ్చింది. కొందరు గోడ ఎక్కారు. శెనక్కాయ పొట్టు నింపిన గోతాలు మలుపుల్లో పెట్టారు. సుద్దతో గీత గీశారు. గార్డు సారు రిటైరైనప్పుడు దాచుకున్న పచ్చజెండా తెచ్చాడు. ఆ జెండా లేవడం కోసం మా ఊళ్ళో ఎన్నో ఏళ్ళు రైళ్ళు ఆగి చూశాయి, ఇప్పుడు మేము చూస్తున్నాం.

చిన్నశెట్టి ఇంట్లోవాళ్ళు బండికి పూజ పెట్టారు. కొత్త వాహనానికి ఏమి చేస్తామో అన్నీ చేశారు. కుంకుమ, విభూది, కొబ్బరికాయ, ముందు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. లారీ అయితే నిమ్మకాయలను తొక్కుకుంటూ పోతుంది. ఇది ఎంత బలమున్నదైనా బరువు లేనిది. చిన్నశెట్టి మీట నొక్కగానే బండి నిమ్మకాయల మీదికెక్కి గాలిలోకి లేచి, వెల్లకిలా పడింది. జనం నవ్వలేక చచ్చారు. ఆయన ముఖం కందిపోయింది. నిమ్మకాయలు తీసేశారు. దండ కూడా తీసేయమని ఎవరో అంటే, పూజ చేసిన దండను పందెం ముందు తీయడం మంచిది కాదని పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. దండ ఉండిపోయింది.

గార్డు సారు ఈల వేసి జెండా ఊపాడు.

మొదటి చుట్టు గురించి చెప్పడానికేమీ లేదు. చిన్నశెట్టి బండి పోయింది, దుమ్ము మిగిలింది. అక్క బండి ఆ దుమ్ములోంచి గుడుగుడుమంటూ వచ్చింది. మలుపులో చిన్నశెట్టి గోతానికి కొట్టుకుని, వెనక్కి తీసి, మళ్ళీ పోయేవాడు. ఆమె కొట్టుకోకుండా పోయేది. అయినా నేరుగా ఉన్నచోట ఆ వేగం ముందు ఆమె ఏం చేయగలదు? రెండో చుట్టులో ఆయన చాలా ముందున్నాడు. మేస్త్రీ నేల వైపు చూస్తున్నాడు.

అప్పుడు చిన్నశెట్టి బండి కీచుమని అరిచి ఆగిపోయింది. ముందు చక్రాలు బిగుసుకుపోయాయి. బంతిపూల దండ దారం ఇరుసుకు చుట్టుకుంది. పూలరేకులు కళ్ళమంతా పరుచుకున్నాయి. ఆయన మీట నొక్కినకొద్దీ దారం ఇంకా బిగుస్తోంది, కాలిన వాసన వస్తోంది. ఆయనకేమీ అర్థం కాలేదు.

అక్క బండి దాని పక్కకు వచ్చింది. ఇక దాటిపోవడమే. జనం అప్పుడే కేకలు మొదలుపెట్టారు. ఆమె బండిని ఆపింది. రిమోటు నా చేతిలో పెట్టి, జడలోంచి ఒక హెయిర్‌పిన్ను లాగి, కళ్ళం మధ్యకు నడిచింది.

మేస్త్రీ ఉండబట్టలేక, "అక్కా, వద్దక్కా, పోనీ అక్కా" అన్నాడు.

"గమ్మునుండప్పా" అంది ఆమె వంగుతూనే. "నాకు అల్లుని మీద గెలవల్ల. బంతిపూల మీద కాదు."

కిందే చతికిలబడి చిన్నశెట్టి బండిని ఒళ్ళో పెట్టుకుంది. హెయిర్‌పిన్నుతో దారాన్ని ఒక్కొక్క చుట్టే లాగింది. మేనల్లుడు పక్కన నిలబడి చూస్తున్నాడు. ముందు నిలబడే చూశాడు, తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. "చూడు, ఈడ పట్టుకున్యాది" అంటూ ఆమె ఇరుసు చూపించింది. తన బండి లోపల ఎట్లుంటుందో ఆయన చూడడం అదే మొదటిసారనుకుంటాను. మొత్తం దారం వచ్చాక రెండు బండ్లనూ పక్కపక్కన పెట్టి, నా చేతిలోంచి రిమోటు తీసుకుని, మళ్ళీ జెండా ఊపమంది.

మిగిలింది ఒకటిన్నర చుట్టు. చిన్నశెట్టి మళ్ళీ ముందుకు దూకాడు. ఆ మాట ఈ మాట ఎందుకు, ఆఖరి మలుపులో మీట వదలడం మరిచిపోయాడు. బండి గోతాన్ని చీల్చుకుని పొట్టులోకి దూరి, అవతలి వైపు వెల్లకిలా తేలింది. నాలుగు చక్రాలు ఆకాశంలో తిరుగుతున్నాయి. అక్క కుడికి వంగింది. సగం గుత్తి కుడికి వంగింది. నేను కూడా వంగాను. ఆమె చిన్న బండి ఆ మలుపు తిరిగి, నేరుగా గీత వైపు వచ్చింది.

గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది.

బ్యాటరీ అయిపోయింది. చవక బ్యాటరీ, దారం తీసేంతసేపూ ఎండకు కాగిన సిమెంటు మీద నిలబెట్టి ఉంచారు. ఆమె రిమోటు మీది కొంగు తీసేసి మీట నొక్కింది. బండి కదల్లేదు. మళ్ళీ నొక్కింది. గార్డు సారు జెండా సగం లేపి అట్లాగే ఉండిపోయాడు.

ఆషాఢం రోజులు. ఆ సమయంలో కోట వైపు నుంచి ఒక గాలి లేచింది. మా గుత్తి గాలి సంగతి మీకు తెలియదు, మనిషి నెత్తిన తుండుగుడ్డను తీసుకుపోయి పక్క మనిషికి కట్టే గాలి అది. పొట్టు లేచింది, బంతిరేకులు లేచాయి, బరువు లేని ఆ చిన్న బండి వెనక నుంచి ఎవరో చెయ్యి వేసినట్టు కదిలి, జానెడు దూరం దొర్లి, గీత దాటింది.

జెండా లేచింది. ఆ కేక గుంతకల్లు దాకా వినిపించిందని, అక్కడ సిగ్నలు దగ్గర ఆగిన రైలుబండి దానంతటదే కదిలిందని నేను తర్వాత చెప్పినా ఎవరూ కాదనలేదు. మేస్త్రీ అక్కను ఎత్తుకోబోయి, ఆడమనిషని గుర్తొచ్చి, ఆమె బండిని ఎత్తుకుని ఊరేగించాడు. గార్డు సారు జెండాతో కళ్ళు తుడుచుకున్నాడు.

బోర్డు తిప్పి రాసింది ఆమే. పెయింటరును పిలవడానికి ఒప్పుకోలేదు. అంగట్లో మిగిలిన గోళ్ళరంగు సీసాలన్నీ తెచ్చి, ఆ చిటికెడంత బ్రష్షులతోనే రాసింది. ఏ బండైనా రావచ్చు అని. కొన్ని అక్షరాలు ఎరుపు, కొన్ని గులాబీ, చివరి అక్షరానికి రంగు చాలక వెండిరంగు. ఎండలో ఆ బోర్డు పెళ్ళివారి కారులాగా మెరిసేది. ఇప్పటికీ గేటుకు అదే ఉంది. ఆదివారం వచ్చి చూడండి, కళ్ళంలో నిలబడడానికి చోటుండదు.

మళ్ళీ పోయిన వారానికి వద్దాం. చిన్నశెట్టి నా కౌంటరు ముందు నిలబడి, ఇంకా షట్టరు వైపే చూస్తున్నాడు.

"అన్నా, ఆ గాలి కథ ఇంగా చెప్తాండావంటనే" అన్నాడు.

"చెప్తాండా" అన్నాను.

"ఇంగ చాలుగాని, జరిగింది చెప్పు. అత్త లేదు. నాకు ఇప్పుడు సిగ్గు కూడా లేదు."

ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి, ఇందులో నేను కల్పించిందేదో చెప్పేస్తాను. గద్ద అనుకున్నారు కదా. కాదు, గద్ద నిజం. పాత మోటారుసైకిలు గురించి ఊళ్ళో అనుకున్నారు, నేను రాశాను. నేను పుట్టించింది గాలిని. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఆషాఢంలో గాలి లేని సాయంత్రం అదొక్కటే.

జరిగింది ఇది. అక్క బండి ఆగిపోయిన తర్వాత, చిన్నశెట్టి పొట్టులోంచి తన బండిని తీశాడు. నిలబెట్టాడు. గీత ఎదురుగా ఉంది, దారి ఖాళీగా ఉంది, ఒక్కసారి నొక్కితే గెలిచినట్టే. ఆయన నొక్కలేదు. వేలు కొస మీట మీద పెట్టి, అంత బలమున్న బండిని చీమ నడిచినట్టు నడిపించుకుంటూ వచ్చాడు. ఆ బండికి నెమ్మదిగా పోవడం వచ్చని అంతవరకు ఎవరికీ తెలియదు, ఆయనకూ తెలియదు. కొంచెం ఎక్కువ నొక్కి ఉంటే అక్క బండి గోడ దాటి రోడ్డు మీద పడేది. ముందు బంపరును అక్క బండికి ఆనించి, చప్పుడు కాకుండా నూకాడు. చిన్న బండి గీత దాటింది. తనది గీతకు ఇవతలే ఆపాడు.

సగం గుత్తి చూసింది దాన్ని. కానీ ఆ సాయంత్రమే అక్క నన్ను పక్కకు పిలిచి, బెంగళూరు వాళ్ళ ముందర వాడు చిన్నబోతాడు తమ్ముడా, గాలి కొట్టిందని చెప్పు, నీకు వచ్చిన పనే కదా అంది. నేను చెప్పాను. నెల తిరిగేసరికి చూసినవాళ్ళు కూడా గాలినే చూశామన్నారు. కొందరికి సుడిగాలి కూడా కనిపించింది.

ఒక్కటి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. ఆ బండి నెమ్మదిగా వస్తున్నంతసేపూ అక్క తన బండి వైపు చూడలేదు. మేనల్లుడి వేలు వైపు చూస్తోంది. ఆయన బండి ముందుకు కదిలినకొద్దీ ఆమె కూడా కొంచెం కొంచెం ముందుకు వంగింది. గీత దాటగానే అంతా అరుస్తుంటే, ఆమె ఆయన దగ్గరికి పోయి, జడలోంచి తీసిన ఆ హెయిర్‌పిన్నును ఆయన చొక్కా జేబుకు గుచ్చింది.

"ఇప్పుడు వచ్చిందిరా నీకు బండి తోలేది" అన్నది.